బురద బడికి రోడ్డు పడింది

పోయిన శనివారం మా మనవరాలు బడిపిల్లలతో కలిసి బాపట్ల వైపు సముద్రం దగ్గరకు వెళ్లి, చీకటి పడకముందే తెనాలికి తిరిగొచ్చింది. అక్కడ మడ అడవిని ఆనుకుని ఎవరో కొత్తగా ప్రకృతి కేంద్రం పెట్టారట. పిల్లలను బస్సుల్లో తీసుకెళ్లి, చెట్లూ పిట్టలూ చూపించి, మధ్యాహ్నం భోజనం పెట్టి పంపుతారట. మా కోడలు గుమ్మంలోనే పిల్లను ఆపి, తెల్ల బూట్లు విప్పించి, తిరగేసి అడుగులు చూసి, "అమ్మయ్య, చుక్క బురద కూడా అంటలేదు" అని సంతోషంగా బూట్ల అరలో పెట్టేసింది. సంతోషించవలసిన విషయమే. కానీ వరండాలో కుర్చీలో కూర్చున్న నాకు ఎందుకో ఆ శుభ్రమైన బూట్లను చూస్తుంటే మనసు కుదురుగా లేకపోయింది. సరిగ్గా అప్పుడే రేపల్లె నుంచి మా బావగారు ఫోను చేశారు. పిల్ల మడ అడవికి వెళ్లిందని మా అక్క చెప్పిందట. కుశల ప్రశ్నలేమీ లేవు. "ఏంటోయ్ విలేకరీ, పిల్లకి కాలు దిగబడిందా?" అని అడిగారు. అన్నం తింటోంది, అయ్యాక మాట్లాడిస్తానండి అని అబద్ధమాడి పెట్టేశాను. పిల్ల నా ఎదురుగానే ఉంది. దాని కాళ్లకు మట్టి మరకైనా లేదు.

నాకన్నా చిన్నవాళ్లలో కొందరైనా, తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో చదువుకున్నవాళ్లు, మా బావగారి బురద బడికి వెళ్లే ఉంటారు. అప్పట్లో నేను రేపల్లెలో ఒక దినపత్రికకు విలేకరిని. విలేకరంటే ఇప్పటిలా జేబులో ఫోను పెట్టుకుని తిరగడం కాదు. రాసిన కాగితాలు కవరులో పెట్టి సాయంత్రం రైల్లో తెనాలికి పంపాలి, అక్కడ ఇంకొకరు అందుకుని ఇంకో బండికి ఎక్కించాలి. ఎక్కడ ఏ బండి తప్పినా ఆ వార్త మర్నాటికి చద్దన్నమే. రేపల్లెలో వార్తలంటే ధాన్యం ధరలు, మిల్లుల దగ్గర లారీల బారులు, కాలవకు నీళ్లు వదిలారా లేదా అన్నవే కనుక, ఆదివారాలు తీరుబడి ఉండేది. ఆ తీరుబడిలో మా అక్కను ఇచ్చిన ఊరికి బస్సెక్కేవాణ్ని.

ఆ ఊరు అడవులదీవి దాటాక ఇంకా లోపలికి ఉంటుంది. పేరు రాయను. ఈ కథలో ఎవరి తప్పూ లేదు, అయినా ఊరి పేరు అచ్చులో పడగానే తప్పున్నట్టే కనిపిస్తుందని ఇన్నేళ్ల పత్రికల కొలువు నాకు నేర్పింది. ఊరికి ఒక పక్క వరిపొలాలు, కాలవ చివర కావడంతో నీళ్లు అందీ అందక పండేవి. వాటిని దాటితే మడ అడవి, అడవిని దాటితే సముద్రంలోంచి లోపలికి వచ్చే ఉప్పునీటి పాయ. పాయ ఒడ్డున, స్తంభాల మీద నిలబెట్టిన తుఫాను షెల్టరు. తుఫాను వస్తే ఊరంతా అందులోనే. రానప్పుడు మాత్రం మేకలకూ, పేకాటకూ తప్ప ఎవరికీ పట్టేది కాదు. మా బావగారు హైస్కూల్లో సైన్సు మాష్టారు. పుస్తకంలో మడ అడవి పాఠం వచ్చినప్పుడు, బొమ్మ గీసే బదులు తన తరగతిని ఒక ఆదివారం అక్కడికే నడిపించుకుపోయారు. మరుసటి ఆదివారం పక్క తరగతివాళ్లు మేమూ వస్తామన్నారు. అంతే, ఎవరూ అనుకుని మొదలుపెట్టింది కాదు. ఊరివాళ్లు షెల్టరు కడిగి ఇచ్చారు. చేపల పనివాళ్లు పడవ ఇచ్చారు, ఊళ్లో ఆడవాళ్లు వంతులేసుకుని అన్నం వండారు. బావగారి పెదనాన్న, ఊళ్లో పెద్ద రైతు, అనుకోకుండా వానొచ్చిన రోజు పిల్లలను పొలాల్లోంచి ఊళ్లోకి చేర్చడానికి ట్రాక్టరు తానే తోలుకొచ్చేవాడు. గోడకు పేరు రాసిన బోర్డు కూడా లేదు. బురద బడి అన్నది ఊరివాళ్లు ఎగతాళికి పెట్టిన పేరు, చివరకు అదే నిలబడిపోయింది.

ఆ మాట పాకి పట్నం పిల్లలూ రావడం మొదలుపెట్టారు. తెనాలి పిల్లలు పొద్దున రైల్లో రేపల్లెకు వచ్చి బస్సెక్కేవారు, బాపట్ల పిల్లలు నేరుగా బస్సులోనే. తారురోడ్డు ఊరి దగ్గరే ఆగిపోయేది. అక్కడినుంచి షెల్టరుకు పొలంగట్టు, తర్వాత బురద. గట్టు చివర ఒక మామ్మ కూర్చుని ఉండేది, పడవ నడిపే అబ్బాయి నాయనమ్మ. పిల్లలందరి చెప్పులూ అక్కడ విప్పించి, జతకు జత వరిగడ్డితో ముడివేసి, వరసగా పెట్టడం ఆమె తనంతట తాను పెట్టుకున్న ఉద్యోగం. పట్నం ఆడపిల్ల ఎవరైనా చెప్పులు విప్పడానికి వెనకాడితే, "ఏంటమ్మా, బురదలోకి చెప్పులేసుకుని దిగుతావేంటి, పెళ్లికొచ్చావా? పెళ్లికొడుకేడీ మరి?" అని అందరిముందూ నవ్వించేది. ఆ నవ్వులోనే చెప్పులు ఊడిపోయేవి.

మొదటి పాఠం కాలు దిగబడడం. దిగబడిన కాలిని ఒక్కసారిగా లాగితే రెండో కాలు కూడా పోతుంది, పక్కవాడి భుజం పట్టుకుని మడమ ముందు ఎత్తాలి, అంటే ఒక్కరే నడవడం అక్కడ కుదరదు. తరగతిలో మాట్లాడుకోని పిల్లలు కూడా మోకాళ్ల దాకా బురదలో ఒకరినొకరు పట్టుకుని నిలబడేవారు. చెట్ల చుట్టూ బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చిన వేళ్లు, అవి చెట్టు ఊపిరి పీల్చుకునే ముక్కులనీ, తొక్కితే చెట్టుకు ఊపిరాడదనీ బావగారు చెప్పాక పిల్లలు పాముల మధ్య నడిచినట్టు నడిచేవారు. చెట్టు మీదే మొలకెత్తి బురదలోకి జారే కాయలు, పాలు కంట్లో పడితే చూపు పోతుందని దూరంనుంచే చూపించే తిల్ల చెట్టు, ఒక చెయ్యి పెద్దదీ ఒకటి చిన్నదీ ఉన్న ఎర్ర పీతలు. అయితే ఇవన్నీ ఒక ఎత్తు, పోటు వచ్చే వేళ ఇంకో ఎత్తు. సముద్రపు నీళ్లు అడవిలోకి ఎక్కే సమయానికి అందరినీ నోరు మూసుకుని కూర్చోమనేవారు. ముందు ఏమీ వినపడేది కాదు. తర్వాత ఎక్కడో చిటుక్కుమనేది, పీతల కన్నాల్లోంచి గాలి బుడగలు తేలడం. ఆ చిటుకులు దగ్గరవుతూ దగ్గరవుతూ, ఎవరూ చూడకుండానే పిల్లల పాదాల కిందకు నీళ్లు చేరేవి. అప్పుడు బావగారు మెల్లగా, "నీళ్లొచ్చాయా?" అని అడిగేవారు. అడవి మొత్తం "వచ్చాయి సార్" అని అరిచేది. నేను ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను, ఒక్కసారి కూడా నాకు ఒళ్లు జలదరించకుండా ఉండలేదు.

బురద బడికి రోడ్డు కావాలన్నది ఎవరి ఆలోచనో ఇప్పుడు వెతకడం దండగ, అందరి ఆలోచనా అదే. ఇంటికెళ్లిన పిల్లల బట్టలు ఉతకలేక తల్లులు గొడవ చేశారు. ఆల్చిప్ప గీసుకుని తెనాలి పిల్ల ఒకతె పాదం తెగింది. వానాకాలమంతా బడి మూతే. నడవలేని పిల్లాణ్ని ఒకణ్ని వాళ్ల నాన్న గట్టుదాకా ఎత్తుకొచ్చి, అక్కడినుంచి ముందుకు తేలేక, షెల్టరును దూరంనుంచి చూపించి తీసుకుపోయిన రోజు బావగారు అన్నం తినలేదు. రోడ్డు కోసం అందరికంటే ఎక్కువ తిరిగింది పెదనాన్న. సొంత పొలంలోంచి కొంత నేల వదులుకున్నాడు కూడా. ఊరంతా కలిసి సాధించారు. రోడ్డు పొలాల చివరినుంచి మళ్లి, పాయకూ అడవికీ మధ్యగా, షెల్టరు మెట్లదాకా వచ్చింది. దానికింద అక్కడక్కడ తూములు పెట్టి, పాయలో నీళ్లు లోపలికి రాకుండా వాటికి మూతలు బిగించారు.

ఆ మూతలు బిగించమని ఎవరూ ఎవరికీ చెప్పలేదు. మా ప్రాంతంలో చెప్పనక్కర్లేదు. ఉప్పునీళ్లు వచ్చే దారి కనబడితే మూసెయ్యడం ఇక్కడి రైతు చేతికి పుట్టుకతో వచ్చిన పని, ఇంటికి తలుపు పెట్టడం లాంటిది. పొలాల ముందు అడవి, అడవి ముందు రోడ్డు. పొలానికి ఉప్పు ఆగితే అడవికీ ఆగినట్టేనన్నది ఆ సంబరంలో ఎవరికీ తట్టలేదు. బావగారికి ఒకింత తట్టిందట గానీ, అంత అడవి, ఒక దారి మూస్తే ఇంకో దారిన నీళ్లు తెచ్చుకోదా అనుకున్నారట. పెదనాన్న కొబ్బరికాయ కొట్టాడు, పిల్లలు చప్పట్లు కొట్టారు, మామ్మ కొత్త చీర కట్టుకొచ్చింది.

ఆ ఏడు వచ్చినంతమంది పిల్లలు అంతకుముందెప్పుడూ రాలేదు. బస్సు మెట్లదాకా వచ్చేది. అప్పుడు ఎత్తుకొచ్చిన తండ్రి కూడా ఆ పిల్లాణ్ని మళ్లీ తెచ్చాడు, వాడు షెల్టరు పైనుంచి అడవిని చూసి చేతులు ఊపాడు. మామ్మ మాత్రం గట్టు చివర ఊరికే కూర్చుని ఉండేది. చెప్పులు విప్పేవాళ్లు లేరు. "నా ఉద్యోగం ఊడబీకారు కదయ్యా మాష్టారూ" అని బావగారిని నవ్వుతూనే దెప్పేది.

మరుసటి వేసవికి ఆకులు పసుపెక్కాయి. మొదట పురుగనుకున్నారు. బురద ఎండి, పెంకులు లేచి, అందులో ముక్కుల్లాంటి ఆ వేళ్లు దుమ్ముకొట్టుకుని నిలబడ్డాయి. పీతల కన్నాలు మట్టి పూడి ఎక్కడివక్కడే ఉన్నాయి, పీతలే లేవు. పిల్లలు చెప్పులతోనే లోపలికి నడిచి వచ్చేవారు, కాలు దిగబడడానికి ఏముంది గనక. పోటు వేళకు బావగారు అలవాటుకొద్దీ అందరినీ కూర్చోబెట్టి, చాలాసేపు చూసి, అడగవలసిన మాట అడగకుండానే లేచిపోవడం నేను ఒక ఆదివారం నా కళ్లతో చూశాను.

మూతలు తీయమని పెదనాన్నను అడిగేటప్పుడు నేనూ పక్కనే ఉన్నాను. ఆయన మంచం మీద కూర్చుని అంతా విన్నాడు. కోప్పడలేదు. "ఒరేయ్, ఈ ఉప్పునీళ్లు ఆపడానికి మా తాత గట్టేశాడు, మా నాన్న గట్టేశాడు. నేను పోయాక, వీడు గండి కొట్టాడ్రా అని చెప్పుకోవాలా?" అన్నాడు. మా అక్క మజ్జిగ తెచ్చిస్తే తాగి, "సరే, వేసంగిలో పైరుండదు కదా. అప్పుడు తీసుకో. తొలకరికి మూసెయ్" అన్నాడు. అంతటి మనిషి అంతకన్నా ఏం ఇస్తాడు? తూము తీసిన రోజు పాయలోంచి నీళ్లు అడవిలోకి వెళ్తుంటే బావగారు పంచె ఎగ్గట్టి వాటి వెంట నడిచారు. ఎండిన కన్నాల్లోంచి బుడగలు లేచి చిటుక్కుమన్నాయి. ఆ వేసవిలోనే కొన్ని కొమ్మలకు చిగుళ్లు కూడా వచ్చాయి.

తొలకరికి మాట ప్రకారం మూసేశారు. కానీ ఆ ఏడు కాలవ నీళ్లు ఆలస్యమయ్యాయి, వానలు చిలకరించి వెళ్లాయి. వేసవంతా పొలాల అంచులకు ఊరిన ఉప్పును కడగడానికి మంచినీళ్లు లేవు. అడవిని ఆనుకున్న పొలాలు పెదనాన్నవి కావు, కౌలువాళ్లవి. వాళ్ల నారుమళ్లు ఎర్రబడి, తల వాల్చేశాయి. ఒక పొద్దున, బడి ఉన్న రోజునే, ఆ కౌలురైతుల్లో ఒకతని భార్య చంటిదాన్ని చంకనేసుకుని వచ్చి షెల్టరు మెట్లమీద కూర్చుంది. తిట్టడానికే వచ్చిందనుకున్నాం. పిల్లలున్నారని గొంతు తగ్గించి, "మాష్టారండీ, మీ పిల్లలు చెట్లు చూసుకుని ఇళ్లకెళ్లిపోతారండి. మా పిల్లలేం తింటారండి?" అంది. ఆమె ఏడేళ్ల కూతురు అప్పటికే బురద బడి పిల్లల మధ్య కూర్చుని ఉంది. వంట వంతు వాళ్లదైనప్పుడల్లా వచ్చే పిల్లే. ఆ మధ్యాహ్నం బావగారు తానే సిమెంటు కలుపుకుని, పెదనాన్న పాలేరు వద్దంటున్నా వినకుండా, మూతల చుట్టూ మెత్తారు. ఇక ఎవరు అడిగినా తీయడానికి వీల్లేకుండా. మళ్లీ తానే తీసేస్తానేమోనని భయపడి ఆ పని చేశారని నాకు తర్వాత అనిపించింది.

ఆ తర్వాత మిగిలిన దారి ఒకటే, పొలాలకు అడ్డంగా వేరే గట్టు వేసి, అడవికి మాత్రం నీళ్లు వచ్చేలా చేయడం. దానికోసం ఆయన తిరగని గుమ్మం లేదు. అడవి మాదే గానీ రోడ్డు మాది కాదన్నారు ఒకచోట. రోడ్డు మాదే గానీ పొలం మాది కాదన్నారు ఇంకోచోట. అందరూ కుర్చీ వేశారు, టీ ఇప్పించారు, మీలాంటివాళ్లు ఉండాలి సార్ అన్నారు. నేను కూడా నాకు చేతనయింది చేశాను, వార్త రాశాను. జాగా చాలక కత్తిరించగా మిగిలింది చిన్న ముక్క. అది చదివి కదిలినవారు లేకపోలేదు. తెనాలిలో మొక్కల నర్సరీ పెట్టుకున్న ఒక పెద్దమనిషి, అడవి ఎండిపోతోందట పాపం అని, గన్నేరు మొక్కలూ కానుగ మొక్కలూ ఒక వ్యానుకు ఎక్కించి పంపించాడు. వాటిని ఏం చేయాలో తెలియక రోడ్డు పక్కన నాటారు. మడ చెట్ల మోళ్ల ముందు ఇప్పుడు గన్నేరులు గులాబీ రంగులో విరగబూస్తాయి. ఆ దారిన వెళ్లేవాళ్లు చాలా బాగుందంటారు.

బడి ఒక్కరోజులో మూతపడలేదు. ముందు బాపట్ల పిల్లలు రావడం మానేశారు, తర్వాత తెనాలివాళ్లు. పీతలు లేని పాయ దగ్గర ఉండి ఏం చేయాలని పడవ అబ్బాయి నిజాంపట్నం వెళ్లిపోతూ మామ్మను కూడా తీసుకుపోయాడు. పెదనాన్న పోయాడు. పోయేముందు బావగారిని పిలిచి ఏదో చెప్పాలని చూశాడుగానీ మాట రాలేదట. ఆ చెప్పాలనుకున్నది ఏమిటోనని బావగారు ఇప్పటికీ అనుకుంటూంటారు. కౌలు కుటుంబం ఆ పొలమే చేసుకుంటోంది, వాళ్ల పెద్దపిల్ల డిగ్రీ చదివింది. మోకాళ్లు అరిగాక మా అక్కా బావగార్లు రేపల్లెకు మారారు. తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడల్లా ఆయన ఊళ్లోవాళ్లకు ఫోను చేసి షెల్టరు తాళం ఎవరి దగ్గరుందో కనుక్కుంటారు.

ఇదంతా ఆ సాయంత్రం వరండాలో కూర్చుని నెమరేసుకున్నాక, ఇక తప్పదని ఫోను చేసి పిల్ల చేతికిచ్చాను. అవతలి గొంతు కూడా వినపడేలా పెట్టింది, ఈ కాలం పిల్లలకు అదొక అలవాటు. ఏమేం చూసిందో గబగబా చెప్పింది. చెక్కలతో వంతెనలా దారి వేశారట, దాని మీదే నడవాలట, కిందికి దిగనివ్వరట, దిగితే మొక్కలు పాడవుతాయని రాసి పెట్టారట. కాలు దిగబడడానికి అసలు వీల్లేదు తాతయ్యా అంది గర్వంగా. బావగారికి కోపమొస్తుందేమోనని నేను భయపడ్డాను.

"పోనీలేమ్మా, మంచిదే. చెట్లు పచ్చగా ఉన్నాయా?"

"ఉన్నాయి తాతయ్యా, చాలా."

"నీళ్లొచ్చాయా?"

పిల్ల నావైపు చూసింది. ఏ నీళ్లని అడుగుతున్నారో దానికి తెలియదు. తాగడానికి సీసాలిచ్చారు తాతయ్యా అంది. దూరంగా రేపల్లె స్టేషనులో బండి కూత ఒకటి ఫోనులోంచి వినపడింది, మా అక్క ఏదో అనడం వినపడింది. "సరేనమ్మా, ఈసారి వెళ్లినప్పుడు చూసి చెప్పు" అని ఆయన పెట్టేశారు.

ఈసారి అంటే వచ్చే ఏడు. బడివాళ్లు అదే చోటికి తీసుకెళ్తారో లేదో, పోటు వేళకు అక్కడ ఆపుతారో, ఈలోగా భోజనానికి పిలుస్తారో. నేనే తీసుకెళ్లి చూపించవచ్చు. ఎక్కడికి తీసుకెళ్లను? మా అక్క ఊరికి ఇప్పుడు కారు షెల్టరు మెట్లదాకా వెళ్తుంది, దారి నున్నగా ఉంటుంది, పక్కన గన్నేరు పూలు. దిగబడేంత బురద ఒక్క అడుగైనా లేదు. నేను చేయగలిగింది వార్త రాయడం ఒక్కటే. అది అప్పుడే రాసి చూశాను. లోపల అరలో తెల్ల బూట్లు, పొద్దున వేసుకున్నప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. వాటిని కడగాల్సిన పని ఎవరికీ లేకపోయింది.